రమ్మన్నారో, వెళ్ళమన్నారో

మొన్న తాడేపల్లిలో బస్సెక్కి కూర్చున్నాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ చేతిరుమాలును ముక్కుకు ఆనించుకుని కళ్ళు మూసుకుని ఉంది. బస్సు కదలగానే కిటికీలోంచి గాలి దూరి, ఆ రుమాలు మీద చల్లుకున్న నీలగిరి తైలం వాసన నా మొహానికి కొట్టింది. జారగిలబడి కూర్చున్నదాన్ని నిటారుగా సర్దుకున్నాను. భుజం మీంచి జారిన పమిట సరిచేసుకున్నాను. యాభై దగ్గర పడుతున్న మనిషిని, నర్సు పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, ఒక్క క్షణంలో ఉద్యోగంలో చేరిన మొదటిరోజు పిల్లనైపోయాను. పెద్దావిడ కళ్ళు తెరిచి నా వంక చూసి చిన్నగా నవ్వింది. అది పలకరింపో, "ఏమిటమ్మా ఈ కంగారు" అన్న ప్రశ్నో నాకు అర్థం కాలేదు. ఎదుటి మనిషి మొహంలో ఏముందో నాకు ఒక పట్టాన అర్థం కాదు. ఎన్నేళ్ళు నేర్చుకున్నా అంతే. నాకది నేర్పాలని ఐదేళ్ళు ఓపిక పట్టిన మనిషి ఎస్తేరమ్మ గారు. మిరప కోతల కాలంలో ఘాటుకు దగ్గు రాకుండా ఆవిడ రుమాలు మీద ఆ తైలమే చల్లుకునేవారు.

తొంభయ్యో దశకం చివర, నర్సు శిక్షణ ముగించుకుని, నరసరావుపేట అవతల పత్తి, మిరప పండే ఒక పల్లెలోని ఆరోగ్య ఉపకేంద్రంలో రెండో నర్సుగా చేరాను. మొదటి నర్సు ఎస్తేరమ్మ గారు. అప్పటికి ఆవిడకు యాభై దాటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. భర్త పోయారు, ఒక్కతే కూతురు, ఒంగోలులో టీచరు. ఊళ్ళో ఆవిడను నర్సమ్మగారు అనేవాళ్ళు, నన్ను చిన్న నర్సమ్మ అనేవాళ్ళు.

నేను పెరిగింది పొన్నూరులో, రైసు మిల్లు పక్క ఇంట్లో. మా నాన్న ఆ మిల్లులో పనిచేసేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మోతలో ఉండి ఆయనకు చెవులు మందగించాయి. అందుకని మా ఇంట్లో ఏ మాటైనా గట్టిగా, సూటిగా చెప్పాల్సిందే. కోపం వస్తే అరిచేవాళ్ళం, ఆకలేస్తే అరిచేవాళ్ళం, ప్రేమ కలిగినా అరిచే చెప్పుకునేవాళ్ళం. ఉంది అంటే ఉంది, లేదు అంటే లేదు. మనుషులు నోటితో ఒకటి చెప్పి ఒంటితో మరొకటి చెబుతారని, అసలు నోరు విప్పకుండానే సగం సంసారం నడుపుతారని నాకు ఆ పల్లెకు వెళ్ళేదాకా తెలియదు.

చేరిన వారానికే మొదటి దెబ్బ తగిలింది. ఇల్లిల్లూ తిరిగి గర్భిణులకు ఐరన్ మాత్రలు అందుతున్నాయో లేదో రాసుకోవాలి. ఒక ఇంట్లో అయిదో నెల పిల్ల వాకిట్లో బియ్యం చెరుగుతోంది. "మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగాను. తల ఒక పక్కకు వాల్చి ఊపింది. రిజిస్టరులో అవును అని రాసుకున్నాను. ఎస్తేరమ్మ గారు గేటు దాకా వచ్చి ఆగారు.

"వేసుకోవట్లేదు ఆ పిల్ల" అన్నారు.

"తల ఊపింది కదా మేడమ్!"

"ఊపింది నీకు కాదు. తలుపు వెనక నిలబడిన వాళ్ళ అత్తకి. నువ్వు అడగంగానే చాట ఆపింది. ముందు తలుపు వంక చూసి, ఆ తర్వాత తల ఊపింది. చూళ్ళేదా?"

నేను చూడలేదు. తలుపు వెనక మనిషి ఉందన్న సంగతే తెలియదు. ఆవిడ వెనక్కి వెళ్ళి, "అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తావా" అంటూ ఆ పిల్ల వెంట వంటింట్లోకి నడిచారు. నేనూ వెళ్ళాను. తలుపు వెనక నుంచి వచ్చిన అత్తగారు అరుగు మీదే ఉండిపోయింది. లోపల ఆ పిల్ల తనంతట తానే ఉప్పు డబ్బా వెనక దాచిన మాత్రల పొట్లాలు తీసి చూపించింది. "అయ్యి మింగితే బిడ్డ నల్లగా పుడతాడంట అండీ. మా అత్త వద్దంది" అని గొణిగింది. ఎస్తేరమ్మ గారు ఆ పిల్లను ఏమీ అనలేదు. బయటికి వచ్చి అత్తగారి పక్కన అరుగు మీద కూర్చుని, ముందు ఆమె మోకాళ్ళ నొప్పుల గురించి అరగంట విన్నారు. వింటున్నంతసేపూ ఆమె మోకాలి మీద చెయ్యి తీయలేదు. చివర్లో లేస్తూ, "కోడలికి రక్తం పలచగా ఉందమ్మా, మీరే దగ్గరుండి మాత్ర మింగించాలి" అన్నారు. మర్నాటి నుంచి అత్తగారే మింగించింది. నేను అడిగితే రాని జవాబు ఆవిడ కూర్చుంటే వచ్చింది. అదెలాగో నాకు తెలియలేదు. మోకాలి మీద చెయ్యి వేస్తే సరిపోతుందా? నేనూ వేసి చూశాను ఒకసారి, మరో ఇంట్లో. ఆ ముసలమ్మ నా చెయ్యి తీసి పక్కన పెట్టింది.

ఏడాది గడిచేసరికి నాకు కాస్త ధైర్యం వచ్చింది. చూపులు ఎటు పోతున్నాయో, ఎవరు ఎవరికి వీపు తిప్పి కూర్చున్నారో గమనించడం మొదలుపెట్టాను. గమనించిన ప్రతిదానికీ ఒక అర్థం చెప్పుకునేదాన్ని. అదే నా కొంప ముంచింది. నా కొంప కాదు, ఇంకొకరి కొంప.

కోటయ్య, అంజమ్మ అని ఒక జంట ఉండేవాళ్ళు. ఇద్దరూ కూలి పనికి వెళ్ళేవాళ్ళు. ఆ ఏడు మిరప కోతలప్పుడు అంజమ్మ నుదుటి మీద నల్లటి కమిలిన మచ్చ చూశాను. ఇంకోసారి మోచెయ్యి చెక్కుకుపోయి ఉంది. కోటయ్య ఆమెను ఒక్కతెను ఎక్కడికీ పంపడు. బావి దగ్గరికి వెళ్ళినా వెంటే. నడుస్తుంటే ఆమె రెక్క గట్టిగా పట్టుకుని ఉంటాడు. నేను ఆమెను ఏదైనా అడిగితే జవాబు అతనే చెబుతాడు, ఆమె నేల చూపులు చూస్తుంది. ఇంతకంటే ఏం కావాలి? ఒక పొద్దున వీధి కుళాయి దగ్గర, ఎస్తేరమ్మ గారు పక్కనుండగానే, పాతిక మంది ఆడవాళ్ళ ముందు, నా పొన్నూరు గొంతు తీశాను.

"ఏం కోటయ్యా, పెళ్ళాన్ని కొట్టడానికి సిగ్గుగా లేదూ? ఆ రెక్క వదులు ముందు!"

అతను బిత్తరపోయాడు. చుట్టూ చూశాడు. ఆడవాళ్ళంతా బిందెలు ఆపి అతన్నే చూస్తున్నారు.

"నేను కొట్టటమేందమ్మా! దానికి మూర్ఛలొస్తన్నయ్యి. పడిపోద్దని పట్టుకుంటన్నా!" అని అరిచేశాడు. అరిచాక, చెప్పకూడనిది చెప్పేశానని తెలిసి, నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. అంజమ్మ పమిట చెంగు తల మీదికి లాక్కుని మొహం కప్పేసుకుంది. కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళు బిందెలు దగ్గరికి లాక్కున్నారు. ఒక్కొక్కరే అడుగు వెనక్కి వేశారు. ఆమె చుట్టూ ఖాళీ ఏర్పడింది. అంతే. ఆ ఖాళీకి అర్థం మాత్రం నాకు వెంటనే తెలిసింది.

మర్నాడు కూలి మేస్త్రీ అంజమ్మను పనికి రావద్దన్నాడు. ఇరుగుపొరుగు ఆమె ముట్టుకున్న బిందె పక్కన తమ బిందె పెట్టడం మానేశారు. మూర్ఛ అంటుకుంటుందని వాళ్ళ భయం.

కుళాయి దగ్గర గొడవైన ఆ పొద్దున ఉపకేంద్రానికి తిరిగి నడుస్తున్నంతసేపూ ఎస్తేరమ్మ గారు మాట్లాడలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆవిడ మొహంలో కోపం ఉందా, జాలి ఉందా, ఆ జాలి నా మీదా, అంజమ్మ మీదా? పక్కనుంచి తొంగి తొంగి చూశాను, ఏమీ తెలియలేదు. తలుపు తాళం తీస్తూ అప్పుడు అన్నారు: "నాకూ అతను కొడుతున్నాడేమో అనే అనిపించింది పద్మా. నెల నుంచి అనిపిస్తానే ఉంది. అందుకే అడగాలనుకున్నా, ఆమెను ఒక్కదాన్నీ కూర్చోబెట్టుకుని. నువ్వు అడగలేదు. తీర్పు చెప్పేశావు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు కూడా అలాగే అనిపించిందంటే, మరి చూడటం నేర్చుకుని ఏం లాభం? చూసినా తప్పే, చూడకపోయినా తప్పేనా? ఆ మాటే అడిగాను. ఆవిడ తల అటూ ఇటూ కాకుండా ఊపారు. అది అవునో కాదో ఈనాటికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఒక కొబ్బరినూనె సీసా నా చేతికిచ్చి వెంట తెమ్మన్నారు. తిన్నగా కోటయ్య ఇంటికి వెళ్ళి, వీధిలోకి కనపడేలా గుమ్మం ముందు కూర్చున్నారు. "అంజమ్మా, తలనొప్పిగా ఉంది, కాస్త నూనె రాయవే" అన్నారు. అంజమ్మ భయంభయంగా వచ్చి ఆవిడ తల మీద చెయ్యి వేసింది. నర్సమ్మగారి జుట్టులో అంజమ్మ వేళ్ళు కదులుతుంటే వీధంతా చూసింది. ఆ తర్వాత ఆమె చేతి టీ తాగారు. మూర్ఛ అంటువ్యాధి కాదని ఒక్కరికీ ఉపన్యాసం చెప్పలేదు. పది రోజులు వరసగా అలాగే చేశారు. ఈలోగా భార్యాభర్తలను గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి మందులు రాయించారు. ఎనిమిదో రోజున ఎదురింటి ముసలావిడ వచ్చి పక్కన కూర్చుంది. పదో రోజున మేస్త్రీ భార్య వచ్చి, "మా మిరప కల్లంలో తాలుకాయలు ఏరే పనుంది, కూర్చుని చేసేదే, వస్తావా అంజమ్మా" అని అడిగింది. మందులు పడ్డాక మూర్ఛలు తగ్గాయి. కోటయ్య మాత్రం నేను ఎదురైతే తల దించుకుని పక్కకు తప్పుకునేవాడు. నేను క్షమాపణ అడిగినప్పుడు, "పర్లేదమ్మా, పోనీయండి" అన్నాడు, నా మొహం చూడకుండా. ఆ పది రోజులూ నూనె సీసా నా చేతే మోయించారు ఎస్తేరమ్మ గారు. అది శిక్షో, పాపం కడుక్కునే అవకాశమో చెప్పలేదు. నేను అడగలేదు.

తర్వాత సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఊళ్ళో ఒక పెద్ద రైతు ఇల్లు ఉండేది. ఇల్లాలు మంచి మనిషి, ఎప్పుడు వెళ్ళినా మంచినీళ్ళు ఇవ్వకుండా పంపేది కాదు. నన్ను "రామ్మా పద్మా" అనేది, ఎస్తేరమ్మ గారిని "ఏం ఎస్తేరూ" అనేది. చాలా ఏళ్ళ పరిచయం, చనువు కాబోలు అనుకున్నాను. ఒక ఎండాకాలం పిల్లలకు టీకాలు వేస్తూ ఆ ఇంటికి వెళ్ళాం. నాకు నాలుక పిడచగట్టుకుపోతోంది. వసారాలో కిటికీ అరుగు మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. పక్కనే నీళ్ళ కుండ. గ్లాసు తీసుకుని కుండలో ముంచబోయాను.

"అయ్యో, అది కాదమ్మా!" అని ఇల్లాలు గభాల్న లోపల్నుంచి వచ్చింది. "నీకు లోపల్నుంచి తెస్తా, అది... అది వేరే."

నేను ఇల్లాలి మొహం చూశాను. టీకాకు వచ్చిన తల్లుల మొహాలు చూశాను. అందరూ ఎటో చూస్తున్నారు. ఎస్తేరమ్మ గారు మందుల పెట్టె మూత తీసి, సర్ది ఉన్న సూదులనే మళ్ళీ వరసగా సర్దుతున్నారు. గ్లాసు చేతిలో పట్టుకుని, ఏం తప్పు చేశానో తెలియక నిలబడిపోయాను. కొంతసేపటికి తెలిసింది. నేను ఆ ఇంట్లో రెండున్నరేళ్ళుగా నీళ్ళు తాగుతున్నాను. నాకు లోపల్నుంచి వచ్చేది. ఆవిడ కిటికీ దగ్గరి గ్లాసుతో తాగి, తనే కడిగి, తనే బోర్లించి పెట్టేవారు. ప్రతిసారీ నా కళ్ళముందే. మనుషుల కనుసన్నలు కనిపెట్టడం నేర్చుకుంటున్నానని గర్వపడుతున్న నేను దాన్ని చూడనే లేదు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఆ గ్లాసుతో ముంచుకుని తాగేసి ఉంటే బాగుండేది. నేను తాగలేదు. గ్లాసును ఉన్నచోటనే పెట్టేశాను. లోపల్నుంచి వచ్చిన గ్లాసు అందుకుని, ఆ నీళ్ళు తాగాను. భయపడ్డానా, మొహమాటపడ్డానా, ఏమీ తోచకనా? నాకు నా చేతులే అర్థం కాలేదు.

బయటికి వచ్చాక ఆవిడ, "ఎండెక్కువగా ఉంది, నీడన నడు" అన్నారు. అంతే. మూడు రోజులు ఆగి, ఉండబట్టలేక అడిగాను. "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు మేడమ్?"

ఆవిడ రాస్తున్న రిజిస్టరు మూశారు. "నీకు కనపడట్లేదు కదా. పక్కన నడిచే మనిషికి కనపడకపోతే, ఆ కాసేపు నాకూ కనపడనట్టే ఉండేది. హాయిగానే ఉండేది."

"మరిప్పుడు?"

"ఇప్పుడు నీకూ కనపడుద్ది" అని లేచి రిజిస్టర్లు సర్దుకున్నారు. ఆవిడ నన్ను తప్పుపట్టారో, మన్నించారో, నా వల్ల తనకేదో పోయిందని బాధపడ్డారో ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో నేను నీళ్ళు తాగలేదు. "దాహం లేదండీ" అనేదాన్ని. ఇల్లాలి మొహం చిన్నబోయేది. అది చూసి నాకు ఆమె మీద కూడా జాలేసేది. ఆ జాలి వేసినందుకు నా మీద నాకు కోపం వచ్చేది.

రెండువేల మూడులోనో నాలుగులోనో నాకు తాడేపల్లి వైపు బదిలీ అయింది. అదే ఏడు ఎస్తేరమ్మ గారు రిటైరై నల్లపాడులో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం చూడటానికి వెళ్ళాను. చిక్కిపోయి ఉన్నారు. నాకు పప్పుచారు, దొండకాయ వేపుడు చేసి పెట్టారు. తను చర్చిలో ఏదో తిన్నానని నా ఎదురుగా ఊరికే కూర్చున్నారు. కూర్చున్నంతసేపూ ఎడమ చెయ్యి పొట్ట మీదే ఉంది. నేను చూశాను. ఈసారి చూశాను.

"ఒంట్లో ఎలా ఉంది మేడమ్?"

"నాకేం, బాగానే ఉన్నా" అని నవ్వారు.

ఆ నవ్వు దగ్గర ఆగిపోయాను. మళ్ళీ అడగాలనిపించింది. కానీ ఎవరిని? ముప్పయ్యేళ్ళు జనాన్ని చూసిన మనిషిని నేను తరచి తరచి అడగడమేమిటి అనిపించింది. తప్పు అర్థం తీసి కోటయ్యను అల్లరిపాలు చేసిన రోజు గుర్తొచ్చింది. ఊరుకున్నాను.

సాయంత్రం నన్ను ఎక్కించడానికి నల్లపాడు స్టేషనుకి వచ్చారు. ప్యాసింజరు బండి. కిటికీ పక్కన చోటు దొరికింది. బండి కదిలాక ఆవిడ ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు నడిచి ఆగిపోయారు. చెయ్యి ఎత్తారు. అరచెయ్యి నేలవైపు పెట్టి, వేళ్ళు ఆడించారు. మనవైపు "ఇటు రా" అనడానికీ అలాగే ఆడిస్తాం, "ఇక వెళ్ళిరా" అనడానికీ అలాగే ఆడిస్తాం. వేళ్ళు లోపలికి ముడుస్తున్నామా, బయటికి విదిలిస్తున్నామా అన్నదొక్కటే తేడా. ఎండ ఆవిడ వెనకనుంచి పడుతోంది. మొహం కనపడలేదు. వెళ్ళమంటున్నారనుకుని నేనూ చెయ్యి ఊపాను. ఆవిడ చెయ్యి ఇంకా ఆడుతూనే ఉంది. బండి మలుపు తిరిగింది.

మూడు వారాలకు ఆవిడ కూతురు ఫోన్ చేసి, అమ్మ పోయిందని చెప్పింది. పొట్టలో రాచపుండు, ముదిరిపోయిందట. అప్పటికి నాలుగు నెలలుగా ఆవిడకు తెలుసట. ఎవరికీ చెప్పలేదట. సమాధి కార్యక్రమం అయ్యాక కూతురిని పక్కకు పిలిచి స్టేషన్ సంగతి చెప్పాను. చెయ్యి ఆడించి చూపించాను.

"రమ్మన్నారంటావా, వెళ్ళమన్నారంటావా?"

ఆమె తన చెయ్యి కూడా అలాగే ఆడించి చూసుకుంది. "ఏమో అక్కా. అమ్మ రెంటికీ ఒకే రకంగా ఊపేది. చిన్నప్పుడు నేను దగ్గరికి పరిగెత్తుకొస్తే, ఆడుకో పొమ్మన్నానే అని నవ్వేది" అంది. కళ్ళు తుడుచుకుంటూ తనే మళ్ళీ అంది, "వచ్చినందుకు ఎప్పుడూ తిట్టలేదులే."

ఆ చివరి మాట నాకు ఓదార్పు కోసం అన్నదో, నిందించడానికి అన్నదో కూడా తెలియదు.

ఇప్పుడు నేను నర్సు పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. మనిషి ఎటు చూస్తున్నాడో చూడండి, చేతులు ఎక్కడున్నాయో చూడండి అని చెబుతాను. చూసినదానికి మీ అంతట మీరు అర్థం చెప్పుకోకండి, అడగండి అని చెబుతాను. అడగడానికి సిగ్గుపడకండి అని చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

కిందటి నెల ఒకామె మా ఆసుపత్రికి ఆరోగ్య పరీక్షకు వచ్చింది. అన్నీ మామూలుగానే ఉన్నాయి. "బాగానే ఉన్నానండి" అని నవ్వింది. పెన్ను పక్కన పెట్టి రెండోసారి అడిగాను. "చెప్పాను కదండీ, బాగానే ఉన్నానని!" అని విసుక్కుంది. పక్కనున్న నర్సు పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ విసుగులో దాపరికమేమీ లేదనిపించింది. అనిపించడమే. ఆమె చెప్పులు వేసుకుని గేటు దాటుతుంటే, నేను లేచి వెనకాలే వెళ్ళి మూడోసారి కూడా అడిగాను.